ఎమ్నా తెచ్చిన నమూనాలు

నవంబరు 10, ఆదివారం

రేపటి నుంచి లాబులో ఆరబెట్టే పాఠం. పిల్లలు ఇంట్లో తినేది ఏదైనా ఒక పిడికెడు తెస్తారు. తూచి, నూట అయిదు డిగ్రీల ఓవెన్‌లో పెట్టి, తీసి మళ్ళీ తూచి, మళ్ళీ పెట్టి, రెండు తూకాలు ఒకటయ్యేదాకా ఇదే పని. పోయిందంతా నీరు అని చెబుతాను. ప్రతి ఏడాదీ వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు "మనల్ని పెడితే ఎంత మిగులుతాం సార్?" అంటారు. ప్రతి ఏడాదీ నేనే ముందు నవ్వుతాను. ఈ ఏడాది ఎవరూ అడక్కుండా ఉంటే బాగుండు.

ఎమ్నా డబ్బాలోకి రొట్టె, ఉడికిన గుడ్డు, హరీసా కారం, నాలుగు ఆలివ్‌లు సర్దాను. వాళ్ళమ్మ సల్వా ఉన్నప్పుడు ఈ డబ్బా ఎలా తయారయ్యేదో నాకు తెలియదు. పొద్దున లేచేసరికి బల్ల మీద ఉండేది, అంతే. రెండు నెలలుగా సర్దుతున్నా ఆలివ్‌ నూనె పుస్తకాల మీదకి కారకుండా మూత పెట్టడం ఇంకా చేత కాలేదు.

నవంబరు 12

అందరూ తెచ్చారు. నారింజ తొనలు, ఖర్జూరాలు, బుర్గుల్ గోధుమ రవ్వ, ఒకడైతే లబ్లాబీ సెనగల పులుసు సీసాలో పోసుకుని వచ్చాడు. హెలా వాళ్ళ నానమ్మ దండగుచ్చి ఎండబెట్టిన మిరపకాయలు తెచ్చింది.

"ఇవి ఎండినవే కదమ్మా" అన్నాను.

"ఎండినవే సార్. మా నానమ్మ గొప్పదో మీ ఓవెన్‌ గొప్పదో చూద్దామని."

క్లాసంతా నవ్వింది. ఎమ్నా కూడా నవ్వింది. ఆ పళ్ళు చూసి చాలా రోజులైంది.

ఎమ్నా రొట్టె ముక్క, గుడ్డు తెచ్చింది. విడివిడిగా గాజు పళ్ళేల్లో పెట్టి, పేరు రాసి, తేదీ వేసి మరీ ఇచ్చింది. అందరి కంటే శుభ్రమైన పని. సొంత కూతురని క్లాసులో మెచ్చుకోను, ఇక్కడైతే రాసుకోవచ్చు.

నవంబరు 14

ఎమ్నా మళ్ళీ తెచ్చింది. ఒక్కసారి చాలని చెప్పాను కదా అంటే, "ఒకే రొట్టె రెండు రోజులు వేరు వేరు తూకం వస్తుందేమో చూడాలి బాబా, ఒక్కసారి చేస్తే ప్రయోగం ఎలా అవుతుంది" అంది. నా మాట నాకే అప్పజెప్పింది. లాబులో నన్ను సార్ అనమని ఎన్నిసార్లు చెప్పినా అనదు.

ఆరిన రొట్టెంతా లాబు ఊడ్చే బెషీర్ సంచిలో వేసుకుని గొర్రెలకి తీసుకెళ్తున్నాడు. రొట్టె చెత్తబుట్టలో పడితే ఈ ఊళ్ళో నాస్తికుడు కూడా వంగి తీసి గోడ మీద పెడతాడు. కాబట్టి నా ఓవెన్ పుణ్యమా అని బెషీర్ గొర్రెలు సైన్సు తిని బలుస్తున్నాయి.

నవంబరు 15

ఎమ్నా బెల్టుకి మేకుతో కొత్త చిల్లు పొడుచుకుంది. ఇప్పటి పిల్లల ఫ్యాషను.

నవంబరు 17, ఆదివారం

మొంజియా వదిన వచ్చింది. సల్వాకి అక్క, నాకు సింహస్వప్నం. తలుపు దగ్గరే చెప్పులు విప్పుతూ మొదలుపెట్టింది.

"మొన్సెఫ్, కళ్ళున్నాయా నీకు? పిల్ల పుల్లలా అయిపోతుంటే కనపడటం లేదూ?"

"ఈ ఏడాది పాఠాలు ఎక్కువ వదినా."

"పాఠాలు పుస్తకంలో ఉంటాయి, ఒంట్లోంచి కండ పీకవు. సల్వాకి కూడా మొదట..."

"వదినా."

"సరే, నేనేం అనలేదు. నోరు కుట్టుకుంటాను."

కుట్టుకోలేదు గానీ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. గుడ్లూ మాంసమూ వేసి కాల్చిన టాజిన్ తెచ్చింది. ఎమ్నా రెండు సార్లు వడ్డించుకుంది. తినే పిల్లకి జబ్బేమిటి? వదిన వెళ్ళేటప్పుడు మిగిలింది రేపటి డబ్బాలోకి సర్దమని చెప్పి వెళ్ళింది.

సల్వాకి మొదట ఉంగరం వదులైంది. వేలికి దారం చుట్టుకుని ఉంగరం పెట్టుకునేది. అది చూసి ఇద్దరం నవ్వుకున్నాం.

నవంబరు 18

ఓవెన్ పై అరలో టాజిన్ ముక్క. చీటీ మీద ఎమ్నా చేతిరాత.

"మొంజియా ఖాలా చేసిందాన్ని కూడా వదల్లేదా?" అన్నాను.

"సగం తిన్నాను బాబా. సగం ప్రయోగానికి. మాంసం, గుడ్డు, జున్ను కలిసి ఉన్నది ఇంకెవరూ తేలేదు."

సగమే. ఆ సగం కాస్త పెద్దదే అనుకుంటాను. సర్దింది నేనే కాబట్టి తెలుసు. కానీ నాకు వంటలో కొలత తెలియదు.

నవంబరు 21

ఎమ్నా నమూనా, ఎప్పటిలాగే.

నవంబరు 22

వదిన ఫోను. పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళమంది. త్రైమాసిక పరీక్షలు అయ్యాక అన్నాను. "పరీక్షలు ఎవరికి, దానికా నీకా?" అని పెట్టేసింది.

వెళ్ళాలి. వెళ్తాను. రక్తం తీస్తారు, కాగితం వస్తుంది, డాక్టరు ఆ కాగితం చూసి ముందు కళ్ళజోడు తీస్తాడు. నాకు ఆ కళ్ళజోడు తీయడం తెలుసు.

నవంబరు 26

మా ఊరు కెఫ్‌లో చలి మొదలైంది. కొండ మీద కోట గోడ పొద్దునంతా మంచులో కనపడలేదు. పిల్లలందరూ ఏదో వంక పెట్టుకుని ఓవెన్ చుట్టూ చేరుతున్నారు. మత పాఠాలు చెప్పే సీ లమీన్ కూడా చేతులు కాచుకోడానికి వచ్చాడు.

"నీ లాబు వాసన రంజాన్ సాయంత్రంలా ఉందయ్యా మొన్సెఫ్. రొట్టె కాలుతోంది, మాంసం కాలుతోంది, ఇక పొద్దుగుంకే మగ్రిబ్ అజాన్ ఒకటే తక్కువ" అన్నాడు.

నవ్వాను. ఎమ్నా నవ్వలేదు. పుస్తకాలు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. ఆ కుర్రతనంలో మత పంతుళ్ళ జోకులు నచ్చవు, నాకూ నచ్చేవి కావు.

మధ్యాహ్నం పూట నాతో కలిసి తినమంటే వద్దంటుంది. "సార్‌గారి కూతురు సార్‌గారి పక్కన కూర్చుని తింటోందని అందరూ ఏడిపిస్తారు." అదీ నిజమే. నేను స్టాఫ్ రూములో, ఆ పిల్ల స్నేహితురాళ్ళతో. రాత్రి మటుకు గిన్నె ఊడ్చి తింటోంది. అజాన్ వినపడగానే వంటింట్లోకి వెళ్ళి గటగటా నీళ్ళు తాగుతుంది. దాహం ఎక్కువైందా? చక్కెర జబ్బు అయితే బాగుండు. చక్కెర జబ్బుతో మనుషులు బతుకుతారు.

కూతురికి ఏ జబ్బు ఉంటే బాగుంటుందో ఎంచుకుంటున్నాను. ఇది చదివి రేపు సిగ్గుపడతాను.

నవంబరు 29

లాబులో పెద్ద తక్కెడ ఒకటి ఉంది, బస్తాలు తూచేది. పిల్లలు దాని మీద ఎక్కి దిగుతూ ఆడుకుంటున్నారు. ఎమ్నా వంతు రాబోతుంటే గంట కొట్టకముందే అందరినీ బయటికి పంపేశాను.

డిసెంబరు 3, మంగళవారం

పుస్తకం రెండుసార్లు మూసేశాను. అయినా రాస్తాను.

నాలుగు దాటింది. ఓవెన్ తలుపు తీసి పళ్ళేలు బయటికి పెడుతోంది ఎమ్నా. వేడి ఒక్కసారి మొహానికి కొట్టింది. అలాగే ఎమ్నా కిందికి జారిపోయింది. పళ్ళెం పగిలిన చప్పుడుకి తిరిగి చూశాను. నేల మీద ఉంది. నాకు సల్వా కనపడింది, అబద్ధం ఎందుకు.

హెలా పరుగెత్తి నారింజ పూల నీళ్ళలో చక్కెర కలిపి తెచ్చింది. తల నా ఒడిలో పెట్టుకుని గ్లాసు నోటి దగ్గర పెట్టాను. కళ్ళు తెరిచింది. పళ్ళు బిగబట్టింది.

"తాగమ్మా."

తల అడ్డంగా ఊపింది.

"ఎమ్నా, తాగు."

"ఇంకా మగ్రిబ్ కాలేదు బాబా."

నాకు అర్థం కాలేదు. రంజాన్ ఎక్కడ, డిసెంబరు ఎక్కడ. హెలా నా వెనక నిలబడి ఏడుస్తోంది. "సార్, ఎమ్నా రోజాలో ఉంది. చాలా రోజులనుంచి ఉంటోంది. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది."

క్లాసులో ఆడపిల్లలందరికీ తెలుసు. ఒక్క నాకు తప్ప. బడి నర్సు వచ్చి తిట్టింది, రోగులకి ఉపవాసం లేదంది, ఎమ్నా వినలేదు. కిటికీలో వెలుగు పోయేదాకా గ్లాసు పట్టుకుని అక్కడే కూర్చున్నాను. అజాన్ వినపడ్డాక మొత్తం తాగేసింది.

ఇంటికి వస్తూ కారు పక్కకి ఆపాను.

"ఎవరి రోజాలు ఇవి?"

"అమ్మవి."

పోయిన రంజాన్‌లో సల్వా ఒక్క ఉపవాసమూ ఉండలేదు. మందులు ఎక్కించుకుంటూ ఎలా ఉంటుంది? ఆ సంగతి ఆమెని జబ్బు కంటే ఎక్కువ బాధపెట్టింది. తర్వాత తీర్చుకోవచ్చని మేమందరం చెప్పేవాళ్ళం. తీర్చకుండానే సెప్టెంబరులో పోయింది. తీర్చకుండా పోయినవాళ్ళ బదులు పిల్లలు ఉండొచ్చని ఎమ్నా ఎక్కడో విన్నది.

"టబార్కాలో సముద్రం దగ్గర అంది కదా బాబా నాతో. 'ఇప్పుడు బాగైపోయాను, చలికాలంలో అన్నీ ఉండేస్తాను, పగళ్ళు చిన్నవి, నువ్వు కూడా తోడుండు' అని. ఉంటానన్నాను."

"మరి నేను సర్దిన డబ్బా?"

"పారేయకూడదు కదా, పాపం. ఎవరికైనా ఇస్తే నువ్వెందుకు తినవని అడుగుతారు. నీ ఓవెన్‌లో పెడితే ప్రయోగం అవుతుంది, తర్వాత గొర్రెలైనా తింటాయి."

మూడు వారాలుగా నా కూతురి అన్నాన్ని నా చేతులతో తూచి, ఆరబెట్టి, మళ్ళీ తూచాను. పని శుభ్రంగా ఉందని ఈ పుస్తకంలో మెచ్చుకున్నాను.

స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాను. నవ్వాను కూడా. జబ్బు కాదు. అది జబ్బు కాదు. ఎమ్నా బెదిరిపోయి నా వీపు నిమురుతూ కూర్చుంది.

డిసెంబరు 4

ఆసుపత్రి. కాగితం వచ్చింది. డాక్టరు కళ్ళజోడు తీయలేదు. కానీ కసిరాడు. ఒంట్లో రక్తం లేదు, ఇనుము లేదు, రోజుకి ఒక్క పూట తిండి మీద ఇంకొన్నాళ్ళు సాగితే గుండె మీదకి వస్తుందన్నాడు. "ఇంకోసారి పడితే మంచం మీదే పడుకోబెట్టి గొట్టం పెడతాను, తండ్రిగా ఏం చేస్తున్నారు మీరు?" అన్నాడు. తూకం వేస్తున్నానని చెప్పలేదు.

బయటికి రాగానే అడిగాను. "విన్నావుగా. ఆపేస్తావా?"

"సగం పైగా అయిపోయాయి బాబా. కొంచెమే ఉన్నాయి."

"నువ్వు పడిపోతే?"

"అమ్మ అక్కడ బాకీతో నిలబడి ఉంటే?"

నాకు పరలోకం మీద పెద్ద నమ్మకం లేదు, ఆ సంగతి ఎమ్నాకీ తెలుసు. అందుకే నన్ను అడగలేదు ఇన్నాళ్ళూ. బలవంతంగా నోట్లో కుక్కనా? పదిహేడేళ్ళ పిల్ల. తల్లి మొండితనం, నా మొండితనం కలిసి వచ్చాయి.

డిసెంబరు 5

సీ లమీన్‌ని మెట్ల దగ్గర పట్టుకున్నాను. అంతా చెప్పాను. ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. ఎప్పుడూ జోకులేసే మనిషి, ఈ రోజు వేయలేదు.

"ఒకరి బదులు ఒకరు ఉండొచ్చని కొందరంటారు, కూడదని కొందరంటారు. ఆ తగవు మనకొద్దు. అసలు బాకీ ఉంటే కదా తీర్చడం? రోగి కోలుకుని, ఓపిక ఉండి కూడా ఉండకపోతే అప్పుడు మెడ మీద ఉంటుంది. కోలుకోకుండా అదే జబ్బుతో పోయినవాళ్ళకి ఏమీ లేదు. దేవుడు అంత లెక్కలవాడు కాదయ్యా. పిల్లకి చెప్పు, అమ్మ మెడ మీద గడ్డిపరక కూడా లేదని."

ఆయన చెయ్యి ముద్దు పెట్టుకున్నంత పని చేశాను. ఇంత చిన్న విషయానికా ఇంత నలిగిపోయాం అనుకుంటూ క్లాసుల మధ్యలోనే పరుగెత్తాను. వరండాలో ఎమ్నాని ఆపి చెప్పాను. శ్రద్ధగా విన్నది. అచ్చం ప్రయోగంలో ఫలితం చూసినట్టు కాసేపు ఆలోచించింది.

"కానీ అమ్మ కోలుకుంది కదా బాబా. జూన్‌లో."

హాజరు పుస్తకం చంక మార్చుకున్నాను.

"ఆ నెలంతా బాగుంది కదా. కుస్‌కుస్ రవ్వ తనే పిసికింది. టబార్కాలో నీళ్ళలోకి దిగింది. జూన్ సంగతి సీ లమీన్‌కి చెప్పావా?"

"లేదు."

"చెప్పి అడుగు."

డిసెంబరు 6

అడగలేదు. సమాధానం సీ లమీన్ దగ్గర లేదు, నా దగ్గర ఉంది.

మే నెలాఖర్లో ట్యునిస్‌లో డాక్టరు మందులు ఆపేశాడు. ఇక ఇచ్చీ లాభం లేదు, ఇంటికి తీసుకెళ్ళండి అన్నాడు. మందులు ఆగాయి కాబట్టి వాంతులు ఆగాయి. ఆకలి వేసింది. తల మీద నూగు జుట్టు వచ్చింది. చూసినవాళ్ళంతా కోలుకుంటోంది అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు కారులో సల్వా ఒకటే అడిగింది. "పిల్లకి చెప్పకు మొన్సెఫ్. ఈ వేసవి దానికి ఉండనీ." నేను ఒప్పుకున్నాను.

జూన్ నెల అలా వచ్చింది.

కోలుకుంది అంటే ఎమ్నా ఉపవాసాలు ఆపదు. కోలుకోలేదు అంటే, ఆ నెలంతా అమ్మకి తెలుసని, తెలిసే నవ్విందని, తెలిసే చలికాలం మాట చెప్పిందని చెప్పాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

డిసెంబరు 8, ఆదివారం

ఇంట్లో ఉంది, మధ్యాహ్నం భోంచేసింది. ఆదివారాలు నేను చూస్తుంటానని ఉపవాసం ఉండేది కాదట, ఇప్పుడు అలవాటైపోయింది. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. గిన్నెలు కడిగాను. వదిన ఫోను చేస్తే అంతా సర్దుకుందని చెప్పాను.

డిసెంబరు 9

ఇక దాచే పని లేదు కాబట్టి లాబులోకి వచ్చి డబ్బా నేరుగా నా చేతికే ఇచ్చింది. "ఇదిగో బాబా, పెట్టేయ్." పెదవులు తెల్లగా ఉన్నాయి. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

పెట్టాను. రొట్టె, గుడ్డు, పొద్దున నేనే తొక్క తీసిన నారింజ. పిరికివాడిని. ఓవెన్ తలుపు మూసి మీట తిప్పాను.

డిసెంబరు 10

మెట్లు ఎక్కుతూ హెలా భుజం పట్టుకుంది. దూరం నుంచి చూశాను.

డిసెంబరు 11, బుధవారం

మధ్యాహ్నం విరామంలో డబ్బా తెచ్చి ఇచ్చింది. ఓవెన్ ఆపేశాను. తలుపు గడియ పెట్టి, రెండు స్టూళ్ళు లాగి, కూర్చోమన్నాను.

"సీ లమీన్‌ని అడిగావా?"

"ఆయన్ని అడగక్కర్లేదు. అమ్మ జూన్‌లో కోలుకోలేదు."

"నేను చూశాను కదా బాబా."

"నువ్వు చూసింది మందులు ఆపేస్తే వచ్చిన తెరిపి. మేలో డాక్టరు ఇక లాభం లేదన్నాడు. అందుకే ఆపేశారు."

బయట బెషీర్ బకెట్టు ఈడుస్తున్న చప్పుడు.

"నీకు తెలుసా అప్పుడే?"

"తెలుసు."

"అమ్మకి?"

"తెలుసు. నీకు చెప్పొద్దన్నది తనే."

"టబార్కాలో? చలికాలం సంగతి చెప్పినప్పుడు?"

"అప్పుడూ తెలుసు."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది. తల ఎత్తకుండానే అడిగింది.

"అయితే నవ్వినవన్నీ నా కోసం నవ్విందా?"

"నీ కోసం నవ్వలేదమ్మా. నిన్ను చూస్తే నవ్వు వచ్చేది దానికి. ఆ తేడా నాకు తెలుసు, నేను పక్కనే ఉన్నాను."

నమ్మిందో లేదో తెలియదు. "అయితే బాకీ లేదు" అంది. అది ప్రశ్న కాదు.

"లేదు."

"నేను ఇక చేయాల్సింది కూడా ఏమీ లేదు."

డబ్బా మూత తీసి ముందు పెట్టాను. ఎమ్నా రొట్టె తుంచింది. కారంలో అద్దింది. పట్టపగలు, నా ఎదురుగా, నెమ్మదిగా నమిలి మింగింది. ఇంకొకటి తుంచింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా చెయ్యి ఆపలేదు. గుడ్డు తింది, ఆలివ్‌లు తింది, గింజలు మూతలో వరసగా పెట్టింది. మూడు వారాలుగా నేను కోరుకున్నది ఇదే, ఇంతకంటే ఏమీ కోరుకోలేదు.

"నువ్వు తినవా బాబా?"

నా డబ్బా తెరిచాను. రొట్టె తుంచి చేతిలోనే పట్టుకున్నాను. నేనూ ఆ నెలంతా సల్వా పక్కన నీళ్ళలో నిలబడి, డాక్టర్లు కూడా పొరబడతారు కదా అనుకున్నవాణ్ణే. సల్వా పోయాక కూడా ఎప్పుడైనా కళ్ళు మూసుకుంటే, ఆమె బాగైపోయిన నెల ఒకటి ఉండేది. కోలుకోలేదని నా నోటితో పైకి అనేవరకు నాక్కూడా జూన్ ఉండేది.